రాజమాత చేతి పచ్చబొట్టు

అనగనగనగా, మన ఊరూ కాదు, మీ నాన్న ఊరూ కాదు, ఏడు వాగులు దాటి ఎనిమిదో వాగులో కాళ్ళు కడుక్కుంటే వచ్చే ఊళ్ళో నాంచారి అని ఒక పిల్ల ఉండేదిట. దుప్పటి లాక్కోకండర్రా, ఇద్దరికీ సరిపోతుంది. పండూ, నీ మోకాలు దాని పొట్టలోంచి తియ్యి. ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథ ఆగుతుంది, కథ ఆగితే ఆ పిల్ల వాగులోనే నిలబడిపోతుంది, ఆ పాపం మీదే.

నాంచారి వాళ్ళది గంపలల్లే ఇల్లు. తాత గంపలే అల్లాడు, తండ్రి గంపలే అల్లాడు, తల్లి గంప అల్లుతూ అల్లుతూనే నాంచారిని కన్నదిట. ఈ పిల్లకి మాత్రం ఒకచోట కూచుంటే ఒంట్లో చీమలు పాకేవి. గంప మొదలుపెడితే చేటగా తేలేది, చేట మొదలుపెడితే ఏదీ కాకుండా పోయేది. ఇది దేనికి పనికొస్తుందే అని తల్లి నెత్తి కొట్టుకుంటే, చూడ్డానికి అనేదిట. చూడ్డానికి పనికొచ్చే గంపలో వడ్లు ఎవరు పోస్తారు చెప్పండి?

వాళ్ళ మేనత్త కోటమ్మ పచ్చబొట్లు పొడిచేది. "పచ్చబొట్లమ్మా, పచ్చబొట్లూ" అని వీధి మొదట్లో ఒక్క కేక వేస్తే చాలు, రుబ్బే చేతులు రుబ్బుతూ వదిలేసి, ఉతికే చేతులు ఉతుకుతూ వదిలేసి ఆడవాళ్ళందరూ అరుగుల మీదికి చేరేవారు. ఆ రోజుల్లో పచ్చబొట్టు లేని ఆడదాన్ని వెతికినా దొరకదు. ఎందుకంటే కాటికి పోయేటప్పుడు కోక రాదు, రవిక రాదు, నగ రాదు, నట్రా రాదు, మొగుడు రాడు, పిల్లలు రారు, వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే. అక్కడ యముడి భటులు గుమ్మంలో నిలబెట్టి ఏం తెచ్చావే అని అడుగుతారుట. చెయ్యి చూపించాలి. చెయ్యి ఖాళీగా ఉంటే రోకలి పుచ్చుకుని పొడుస్తారుట. సూదితో పొడిపించుకోనిదానికి రోకటిపోటు అన్నమాట. నాకుందా అనా? ఉంది. పొద్దున్న చూపిస్తాను, పడుకో.

నాంచారి మేనత్త కొంగు పట్టుకుని నాకూ నేర్పు, నాకూ నేర్పు అని తిరిగింది. కోటమ్మ దాని చెయ్యి తిప్పి చూసి, కుదురులేని చెయ్యే ఇది, నేర్పను పొమ్మంది. పలక మీద తప్పు రాస్తే తడిగుడ్డ పెట్టి తుడుస్తారు, ముగ్గు తప్పితే నీళ్ళు చల్లుతారు, గంప తప్పితే పొయ్యిలో పెడతారు, పచ్చబొట్టు తప్పితే ఏం చేస్తావే, ఆ మనిషిని పొయ్యిలో పెడతావా అని అడిగింది.

పొమ్మంటే పోయే పిల్లయితే కథెందుకవుతుంది? మేనత్త వెనకాల నక్కి నక్కి అంతా చూసేసింది. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టడం చూసింది, మసిలో ఆకుపసరు కలిపి నూరడం చూసింది, మూడు సూదులు చేర్చి దారంతో కట్టడం చూసింది. అన్నీ చూసింది, అన్నీ చేసింది, పొడవడానికి చెయ్యి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. పాదు మీద గుమ్మడికాయలు అడ్డు చెప్పవు కదా. వాటికి పొడిచింది. పిందె మీద పొడిస్తే పిందెతోపాటు బొమ్మా పెరిగేది. పక్కింటి వెంకాయమ్మ పులుసులోకని గుమ్మడికాయ కోయబోతే దానిమీద జానెడు తేలు. కత్తిపీట ఒకవైపు, కాయ ఒకవైపు, వెంకాయమ్మ ఒకవైపు. తేలు కాదత్తా, బొమ్మే అంటే, బొమ్మయితే మాత్రం తేలుని పులుసు పెట్టుకు తింటారుటే నీ మొహం మండా అని తిట్టిపోసింది.

గుమ్మడికాయ అయింది, సొరకాయ అయింది. సొరకాయ అయ్యాక దోసకాయ, దోసకాయ అయ్యాక తన ఎడమచెయ్యి. ఎడమచెయ్యి నిండా వంకర చుక్కలే, ఎవరైనా చూస్తే ఆవాలు చిందినట్టుండేది. ఆ ఆవాల చెయ్యి అయ్యేసరికి కుడిచెయ్యి కుదిరింది.

మరి బొమ్మలెక్కణ్ణించి తెచ్చుకుందంటారా? కోటమ్మకి వచ్చినవి ఏడే బొమ్మలు. తేలు, తులసికోట, చిలక, ఇలా ఏడు. తల్లికీ తేలే, కూతురికీ తేలే. నాంచారికి ఏడు బొమ్మలు ఏడు రోజుల్లో మొహం మొత్తాయి. ఇసకలో చీమలు బారు కట్టి పోతుంటే వాటి వెనకాల వంగి వంగి నడిచింది, అదొక బొమ్మ. తడిగోడ మీద నత్త పాకిన జాడ చూసింది, అదొక బొమ్మ. బీటలు వేసిన మడి చూసింది. పెనం మీద అట్టుకి పడే చిల్లులు చూసింది. అట్టు చిల్లులు చూస్తూ అట్టు మాడ్చింది, వాళ్ళమ్మ అట్లకాడ పుచ్చుకుని వెంటపడితే పరిగెత్తుతూ పరిగెత్తుతూ పెరట్లో కోడికాళ్ళ గుర్తులు చూసి ఆగిపోయింది. ఆగిపోయినందుకు తగలవలసినవి తగిలాయి.

ఇంకో పద్ధతి కూడా పట్టింది. చెయ్యి చాపిన మనిషిని ఏ బొమ్మ కావాలి అని అడిగేది కాదు. పొద్దున్న లేచి రోజూ దేన్ని చూస్తావు పిన్నీ అని అడిగేది. మేకలు కాసే ఎరకమ్మ మేకల్నే చూస్తానంది, ఆమెకి బురదలో మేక డెక్కలు దిగిన గుర్తులు పొడిచింది. బట్టలుతికే చిన్నాలమ్మ బండనే చూస్తానంది, ఆమెకి బండ మీద నురగ తేలినట్టు చిన్నచిన్న సున్నలు పొడిచింది. కొత్తకోడలొకతె గొంతు తగ్గించి, పొద్దున్న లేస్తే మా అత్త మొహమే చూస్తాను అంది. ఆమెకి తేలే పొడిచింది.

నవ్వింది చాలు, ఊ కొడుతున్నారా?

సరే. ఒక చెయ్యి చూసి ఇంకో చెయ్యి, ఒక ఊరు చూసి ఇంకో ఊరు, నాంచారి పేరు పాకి పాకి కోటలోకి పాకింది. కోటలో రాజు, రాజుకి తల్లి, రాజుకి పెళ్ళాం. పెళ్ళాం పేరు ఇందుమతి. తల్లికి పేరుండే ఉంటుంది కానీ పిలిచేవాళ్ళంతా పోయారు, రాజమాత అంటే రాజమాతే. ఎనభై ఏళ్ళావిడ. చూపు ఆనదు. నోరు మాత్రం బాగానే ఆనేది.

ఆవిడ ఒకరోజు కొడుకుని పిలిచి నాకు పచ్చబొట్టు కావాలి అంది. రాజు తెల్లబోయి, అది పొలాల్లో పనిచేసుకునేవాళ్ళకి గానీ నీకెందుకమ్మా, నీకేం తక్కువ, ఒంటినిండా నగలున్నాయి అన్నాడు. రాజమాత ఏమందో తెలుసా?

"ఒరే, నేను పోయాక నా ఒంటి మీద మీరు ఒక్క ఉంగరం ఉంచరు. ఎలా తెలుసంటావా? మా అత్తగారికి నేనే తీశాను."

రాజు ఇంకేమంటాడు? పిలిపించండి అన్నాడు.

నాంచారి సూదుల పొట్లం రొంటిన దోపుకుని కోటకి వచ్చింది. పట్టుపరుపు అంచున గొంతుక్కూచుని, రోజూ దేన్ని చూస్తావమ్మా అని రాజమాతనీ అడిగింది. రాజమాత చాలాసేపు ఆలోచించి, ఏం చూస్తానే, ఏది చూడాలన్నా ఎవరో ఒకరు పళ్ళెంలో పెట్టి పట్టుకొస్తారు, నన్ను కాస్త గుర్తు చేసుకోనీ అంది. గుర్తు చేసుకునే లోపల కబురు రాజు దగ్గరికి పోయింది. కొలువులో చిత్రాలు వేసే పెద్దమనిషి విరూపాక్షయ్య అని ఉన్నాడు. ఆయన రాజు చెవిలో, ప్రభూ, ఈ పిల్ల చీమలూ నత్తలూ అట్లచిల్లులూ పొడిచే రకం, రాజమాత చేతిమీద అట్టుంటే సామంతులు ఏమనుకుంటారు అని ఊదాడు. ఊదితే రాజు రాజుకున్నాడు. మా అమ్మ చేతిమీద ఉండవలసింది రాజముద్ర, అది తప్ప ఇంకొక చుక్క ఉండకూడదన్నాడు.

ఆ రాజ్యపు రాజముద్ర గండభేరుండం. అంటే రెండు తలల పక్షి. ఒక తల ఇటు చూస్తుంది, ఒక తల అటు చూస్తుంది, రెక్కలు ఇంతింత బారలు చాపుకుని ఉంటుంది. జెండా మీద అదే, గుమ్మం మీద అదే, రాజుగారి చెప్పుల మీద కూడా అదే. విరూపాక్షయ్య దాన్ని పట్టుగుడ్డ మీద గీసిచ్చాడు. రాజు ఆ గుడ్డ నాంచారి ముందు పరిపించి, ఇది ఇలాగే దిగాలి, తేడా వస్తే నీ కుడిచేతి బొటనవేలు ఉండదు అన్నాడు.

బొటనవేలు లేకపోతే సూది పట్టేదెలా? సూది పట్టకపోతే నాంచారి నాంచారే కాదు. గంపలల్లడం రాదు, చేటలల్లడం రాదు, ఆ వేలు తప్ప దానికి ఈ లోకంలో ఇంకేం లేదు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టింది. ముంజేతి మీద వేలు పెడితే చర్మం పాల మీద మీగడలా ఇటంటే ఇటు, అటంటే అటు జరుగుతోంది. దాని సూది అంతవరకూ ముసలి చర్మం ఎరగదు. పెళ్ళికూతుళ్ళకి పొడిచింది, బాలింతలకి పొడిచింది, నలభై ఏళ్ళు దాటినదానికి పొడవలేదు. ముసలివాళ్ళందరికీ ఎప్పుడో కోటమ్మ పొడిచేసింది కదా. జరిగే చర్మం మీద రెండు తలలు ఎలా నిలబెట్టాలి? ఇందుమతిని పిలిచి, అమ్మా, మీరటు పట్టుకు లాగండి, నేనిటు పట్టుకు లాగుతాను అంది. అటు కోడలు లాగింది, ఇటు నాంచారి లాగింది, చర్మం డప్పులా బిగుసుకుంది. బిగుసుకున్న చర్మం మీద చుక్క వెనక చుక్క, చుక్క వెనక చుక్క, పట్టుగుడ్డ చూస్తూ పొడుచుకుంటూ పోయింది.

రాజమాత అబ్బా అనలేదు, అమ్మా అనలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, ఎందాకా వచ్చావే అని అడిగింది.

"రెండో తలమ్మా."

"ఒక తలకే ఇంత నొప్పి. రెండు తలలు పెట్టుకున్నవాళ్ళని ఏమనాలే?"

పొద్దు వాలేసరికి అయిపోయింది. చెయ్యి వాచింది. వాచడం మంచిదే, ఎవరికైనా వాస్తుంది. ఆ వాపు మీద గండభేరుండం మహా దర్జాగా ఉంది. రెండు తలలు, రెండు ముక్కులు, రెక్కలో ఈకకి ఈక. విరూపాక్షయ్య దారం పెట్టి కొలిచాడు, గింజంత కూడా తేడా రాలేదు, మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. రాజు గుమ్మంలోంచే చూసి తలాడించాడు. పదోనాడు సామంతులందరినీ పిలిచి కొలువులో చూపిద్దామన్నాడు. అంతవరకూ రోజూ పసుపూ ఆముదమూ రాయడానికి నాంచారిని కోటలోనే ఉండమన్నాడు.

స్వరూపా, పడుకున్నావుటే? ఊ ఏదీ? ఆఁ, అదీ.

ఒకటో రోజు వాపు, రెండో రోజు వాపు, మూడో రోజు వాపు. నాలుగో రోజు వాపు దిగడం మొదలుపెట్టింది. అయిదో రోజు పసుపు రాస్తుంటే నాంచారికి ఎందుకో రెండు తలలు కాస్త దగ్గరగా జరిగినట్టనిపించింది. కళ్ళు నులుముకుంది. ఆరో రోజు రెండు తలలూ ఒకదానిమీద ఒకటి వాలాయి. ఏడో రోజు ఒకే తల. రెక్కలు ముడుచుకున్నాయి, తోక పైకి లేచింది. ఎనిమిదో రోజు వాపంతా పోయి చెయ్యి ఎప్పటి చెయ్యి అయ్యేసరికి ఏముందక్కడ?

కోడిపెట్ట. ముద్దుగా, బొద్దుగా, రెక్కలు దగ్గరికి చేర్చుకుని గంపలో కూచున్న కోడిపెట్ట.

అప్పుడర్థమైంది నాంచారికి. గుమ్మడికాయకి ముడతలుండవు, సొరకాయకుండవు. ముసలి చర్మాన్ని లాగి పట్టి పొడిస్తే, లాగినంతసేపే ఆ బొమ్మ. వదిలేశాక చర్మం తన చోటికి తాను పోతుంది, బొమ్మని కూడా తీసుకుపోతుంది. మేనత్త దగ్గర నేర్చుకుని ఉంటే మొదటి రోజే చెప్పేది కాబోలు. తనంత తను నేర్చుకున్నవాళ్ళకి ఏం రాదో తెలియదు, ఏం తెలియదో కూడా తెలియదు.

గదిలోకి పోయి మూట కట్టుకుంది. పెరటివైపు గోడ ఎక్కడ తక్కువెత్తుందో చూసుకుంది. గోడెక్కి దూకితే వాగు, వాగు దాటితే అడవి, అడవి దాటితే ఎవడడుగుతాడు? వేలు దక్కుతుంది. అంతా బాగానే ఉంది. కానీ తను పోయినా బొమ్మ పోదు కదా. రాజమాతకి చూపు ఆనదు. తన చేతిమీద రాజముద్రుందనుకుని ఆవిడ ఎల్లుండి కొలువులోకి ఠీవిగా పోయి, చెయ్యెత్తి అందరికీ చూపిస్తుంది. అందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో ఆవిడకి తెలియదు. నాంచారికి ఇది నచ్చలేదు. మూట మంచం కిందికి తోసి రాజమాత దగ్గరికి పోయి నిలబడింది.

"అమ్మా, బొమ్మ తప్పిపోయింది."

"తప్పిపోయి ఎక్కడికి పోయిందే?"

"ఎక్కడికీ పోలేదమ్మా. కోడయింది."

"పుంజా, పెట్టా?"

"పెట్టేనమ్మా."

"తల ఎటు పెట్టింది?"

"మీవైపేనమ్మా."

రాజమాత ఆ చేతిమీద రెండో చెయ్యి వేసి రాసుకుంది. పారిపోదామనుకున్నావా అని అడిగింది. మూట కట్టానమ్మా అని నాంచారి నిజమే చెప్పింది. విప్పు అంది రాజమాత. ఆముదం రాయమని చెయ్యి చాపింది.

గుమ్మం పక్కనుంచి ఇందుమతి ఇదంతా విన్నది. తెలివైన కోడలు. అత్తగారు నిద్రపోయాక నాంచారిని పక్కకి పిలిచి ఉపాయం చెప్పింది. నీకు అమ్మవారు పూనిందని చెప్పు, అమ్మవారే నీ చేతిలో సూది పట్టి గండభేరుండాన్ని కోడిని చేసిందని చెప్పు, కొలువంతా నీ కాళ్ళమీద పడుతుంది, వేలు తీయించడం కాదు, మా ఆయన నీకు గుడి కట్టిస్తాడు అంది. గుడి వద్దమ్మా, వేలుంటే చాలు అని నాంచారి మర్నాడంతా అద్దం ముందు నిలబడి కళ్ళు పైకి తేలేసి ఊగడం నేర్చుకుంది. ఊడ్చే మనిషొకతె చూసి, అయ్యో, కంట్లో నలక పడిందా అమ్మాయ్, ఊదనా అని దగ్గరికొచ్చిందిట.

పదోనాడు వచ్చింది. కొలువు నిండింది. సామంతులు, సేనాపతులు, వాళ్ళ పెళ్ళాలు. ఒక మూల చిన్న పీట, పీట మీద కత్తి. ఆ పీట ఎవరికోసమో నాంచారికి తెలుసు. రాజు తల్లిని చెయ్యి పట్టుకు తీసుకొచ్చి సింహాసనం పక్కన కూచోబెట్టి, ఇదిగో మా తల్లి ఒంటిమీద మా వంశపు గండభేరుండం అని చేతిమీద కప్పిన పట్టుగుడ్డ తీశాడు.

వెనకాల వరసలో చెవుడున్న ముసలి సామంతుడొకాయన పక్కవాడితో, కోడి చాలా బాగుందయ్యా, మా ఇంట్లో ఇలాంటిదే ఉండేది అన్నాడు. చెవుడు కాబట్టి గట్టిగానే అన్నాడు. ఇంకేముంది, ఒక మూల కిసుక్కు, ఇంకో మూల కిసకిస, మధ్యలో దగ్గు.

రాజు అప్పుడు చూశాడు. మొహం కందగడ్డ అయింది. ఇదా గండభేరుండం, ఇదా అని తల్లి ముంజేతిని రెండు చేతులా పట్టుకుని అందరివైపూ లాగి చూపించాడు. లాగాడా, కొలువంతా హా అంది. రెండు తలలు, రెండు ముక్కులు, రెక్కలు ఇంతింత బారలు. గండభేరుండమే కదా ప్రభూ అన్నారు సామంతులు. ఏదీ అని రాజు వంగి చూద్దామని చెయ్యి వదిలాడు. కోడి. మళ్ళీ లాగాడు, గండభేరుండం. మళ్ళీ వదిలాడు, కోడిపెట్ట. లాగితే గండభేరుండం, వదిలితే కోడిపెట్ట. లాగితే హా, వదిలితే కిసుక్కు. నాలుగుసార్లు లాగాడు, నాలుగుసార్లు వదిలాడు. అయిదోసారి రాజమాత, ఒరే, అది నా చెయ్యిరా, పంకా తాడు కాదు అంది.

విరూపాక్షయ్య ముందుకొచ్చి, చేతబడి ప్రభూ, ఇది చేతబడి, వేలు కాదు, తలే తీయించాలి అన్నాడు. రాజు నాంచారివైపు తిరిగాడు. మంత్రమా, మాయా, దేవతా, ఏమిటిది చెప్పు అని గర్జించాడు.

పక్కనుంచి ఇందుమతి కళ్ళతో సైగ చేస్తోంది, ఊగు, ఊగు అని. నాంచారి కళ్ళు పైకి తేలేసింది కూడా. తేలేసిన కళ్ళకి కొలువు పైకప్పు మీద చెక్కిన గండభేరుండం కనపడింది. దాని రెండు మొహాలు చూసేసరికి తన దొంగ ఊగుడు మీద తనకే విసుగొచ్చింది. కళ్ళు దించేసింది.

"దేవత లేదు, మాయా లేదు దొరా. నా తప్పే. ముసలి చర్మం మీద నేనెప్పుడూ పొడవలేదు. వదిలేసి చూసుకోకుండా లాగి పట్టి పొడిచాను. ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది."

ఇందుమతి నుదురు కొట్టుకుంది. రాజు, నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి తల జోలికి పోను, అన్నమాట ప్రకారం వేలు తీయించండి అన్నాడు. భటుడు వచ్చి దాని చెయ్యి పట్టి పీట మీద పెట్టాడు.

అప్పుడు రాజమాత లేచింది.

"తీయించు నాయనా, మాటంటే మాటే. తీయించేముందు నాకొకటి చెప్పు. ఈ బొమ్మ తప్పని ఎవరన్నారు?"

"అదే అంది కదమ్మా!"

"దానికేం తెలుసు, నిన్నగాక మొన్న పుట్టింది. బొమ్మ నా చేతి మీదుంది, తప్పో ఒప్పో నేను చెప్పాలి. పన్నెండేళ్ళకి ఈ కోటకొచ్చాను. మీ నాన్న ఇటు పట్టుకు లాగేవాడు, మీ నాయనమ్మ అటు పట్టుకు లాగేది. లాగి పట్టుకున్నంతసేపూ నేను గండభేరుండాన్నేరా, కొలువులో అందరూ దణ్ణాలు పెట్టేవారు. తలుపు వేసుకుని వాళ్ళు వదిలేశాక నేనేమిటో ఎవరూ చూడలేదు. ఈ పిల్ల చూసింది. కావాలని చూడకపోయినా, దాని సూది చూసింది. నిన్ను రెక్కల కింద పెట్టుకుని పొదిగి ఇంతవాణ్ణి చేసింది ఎవరనుకున్నావు, గండభేరుండమా?"

రాజు కత్తివైపు చూశాడు, కోడివైపు చూశాడు. చెవిటి సామంతుడు, ఏమంటోందయ్యా ఆవిడ అని పక్కవాణ్ణి అడిగాడు. కోడి పిల్లని పొదిగిందిట అని పక్కవాడు అరిచాడు. మరి పొదగదూ అన్నాడాయన. అంతటితో రాజుకే నవ్వొచ్చింది. రాజు నవ్వితే నవ్వకపోవడానికి ఎవడికి ధైర్యం? కొలువంతా ఘొల్లుమంది. భటుడు నాంచారి చెయ్యి వదిలేశాడు. చెయ్యి ఉంది, వేలుంది, అయిదుకి అయిదూ ఉన్నాయి.

విరూపాక్షయ్య ఒక్కడే పట్టు వదల్లేదు. అది కాదు ప్రభూ, రాజముద్ర కనపడాలి కదా, ఎలా అన్నాడు. ఎలా అంటావేమిటయ్యా, చూడాలనుకున్నవాడు వచ్చి రెండు చేతులా పట్టుకుని లాగి చూసుకుంటాడు, నేనెక్కడికి పోతున్నాను అంది రాజమాత. రాజమాత చెయ్యి పట్టుకునే అధికారం రాజ్యంలో రాజుకి తప్ప ఇంకెవరికీ లేదు. సామంతులొచ్చి రాజముద్ర చూస్తామంటే రాజే స్వయంగా వచ్చి తల్లి పక్కన కూచుని చెయ్యి పట్టుకోవలసి వచ్చింది. కొన్నాళ్ళకి సామంతులు రాని రోజు కూడా వచ్చేవాడుట. ఎందుకొచ్చావురా అంటే, రాజముద్ర బాగుందో లేదో చూద్దామని అనేవాడుట. చూసి, వదిలేసి, కోడివైపు చూస్తూ చాలాసేపు కూచునేవాడుట.

ఇందుమతి కూడా చెయ్యి చాపింది. నాకు మొదటినుంచే కోడినే పొడిచెయ్, అటూ ఇటూ లాగించుకునే ఓపిక నాకు లేదు అంది. విరూపాక్షయ్య వంటశాల వెనకాల కూచుని కోళ్ళని చూసి గీయడం మొదలుపెట్టాడుట. గండభేరుండాన్ని ఎప్పుడూ చూసింది లేదు, కోళ్ళయితే కదులుతాయి, గీయడం కష్టంగా ఉంది, అయినా బాగుంది అన్నాడుట.

నాంచారి ఊరికొచ్చేసింది. ఆ తరవాత ఎవరు చెయ్యి చాపినా ముందు పొడిచేది కాదు. చెయ్యి ఒళ్ళో వేసుకుని కూచోమనేది, ఇంట్లో సంగతులు అడిగేది. చెయ్యి ఉన్న సంగతి ఆ మనిషి మరిచిపోయేదాకా కబుర్లు చెప్పించేది. అప్పుడు చూసేది, ఎక్కడ ముడత ఉంది, ఎక్కడ మచ్చ ఉంది, ఎక్కడ కాలింది, ఎక్కడ కాయ కాసింది అని. ఆ ముడత పక్కన చుక్క, ఆ మచ్చ చుట్టూ చుక్క. ముసలివాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళుట దాని దగ్గరికి. ఎవరి దగ్గర నేర్చుకున్నావే ఇది అని అడిగితే, తప్పు దగ్గర అనేదిట. తప్పు ఎక్కడుంటుందే అంటే, కోటలో ఉంటుంది, రోజూ రాజుగారు వచ్చి చూసి పోతారు అనేదిట.

కాబట్టి ఏమిటర్రా, ఎవరినైనా లాగి పట్టుకుని ఉన్నప్పుడు చూసి, వీళ్ళింతే అనుకోకూడదు. వదిలేసి చూడాలి. తెలియకపోతే తెలియదనాలి, వేలు పోతుందన్నా సరే. దుప్పటి కూడా లాగకూడదు. లాగొద్దన్నానా పండూ.

అందరూ బాగున్నారు, కోడి కూడా బాగుంది. కథని కంచి బండి ఎక్కించేశాను, మనం ఎలాగూ ఇంట్లోనే ఉన్నాం, ఇంక కళ్ళు మూసుకోండి.